పండు మెదడును కాస్తుందా?

నేరేడు, దానిమ్మ, ఉసిరి, బత్తాయి... వీటి సారం మెదడు కణాలను కాపాడుతుందని ప్రయోగశాలలు చెబుతున్నాయి. ఆ మాట పట్టుకుని మార్కెట్లోకి సీసాలు, గోలీలు దిగిపోయాయి. ఇంతకీ గాజు పళ్లెంలో తేలిన గుణం మన తలదాకా చేరుతుందా?

అది 1999. అమెరికాలోని బోస్టన్ నగరంలో, టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా వృద్ధాప్య పోషకాహార పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ జేమ్స్ జోసెఫ్, బార్బరా షుకిట్-హేల్ బృందం ముసలి ఎలుకలతో ఒక ప్రయోగం చేసింది. ఎలుకల వయసు 19 నెలలు. వాటి ఆయుష్షులో అది పైబడిన వయసే. తిరిగే కడ్డీ మీద నిలబెడితే తూలి పడిపోతాయి. నీళ్ల తొట్టెలో దిగువన కనిపించకుండా పెట్టిన చిన్న గట్టు ఎక్కడుందో నిన్న నేర్చుకుని ఇవాళ మరిచిపోతాయి. వాటిని గుంపులుగా విడదీసి ఒక గుంపుకు స్ట్రాబెర్రీ సారం, ఒక గుంపుకు పాలకూర సారం, ఇంకో గుంపుకు బ్లూబెర్రీ సారం మేతలో కలిపి ఎనిమిది వారాలు పెట్టారు. మేత మొత్తంలో బ్లూబెర్రీ సారం రెండు శాతం కూడా లేదు.

ఎనిమిది వారాల తర్వాత మూడు గుంపుల్లోనూ జ్ఞాపకశక్తి మెరుగుపడింది. బ్లూబెర్రీ తిన్నవైతే కడ్డీ మీద కూడా నిలదొక్కుకున్నాయి. వయసుతో వచ్చే నష్టాన్ని ఆపడమే కష్టమనుకుంటున్న రోజుల్లో, పోయిన దాంట్లో కొంత తిరిగి వచ్చిందనేసరికి శాస్త్రలోకం ఒక్కసారి ఇటు తిరిగింది. వ్యాపారలోకం ఇంకా వేగంగా తిరిగింది. బ్లూబెర్రీకి ‘మెదడు పండు’ అనే పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు మన ఊళ్లో మందుల షాపుకు వెళ్లినా పరీక్షలు రాసే పిల్లలకో సీసా, అరవై దాటిన పెద్దలకో డబ్బా కనిపిస్తాయి. అట్ట మీద ఊదారంగు పండ్ల బొమ్మ, పక్కన మెదడు బొమ్మ.

ఎలుకల కథ నిజమే. అట్ట మీది బొమ్మ చెప్పే కథ వేరు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరమే ఇవాళ్టి ముచ్చట.

మెదడుకే ఎందుకింత గండం?

మన ఒంటి బరువులో మెదడు రెండు శాతం. ఒళ్లు వాడుకునే ప్రాణవాయువులో, శక్తిలో దాని వాటా మాత్రం సుమారు ఇరవై శాతం. అంత ఇంధనం మండే చోట నిప్పురవ్వలూ లేస్తాయి. వాటినే ఫ్రీ రాడికల్స్ అంటారు. పైగా మెదడులో కొవ్వు పదార్థం ఎక్కువ. అందులోనూ తేలిగ్గా పాడయ్యే రకం. చర్మానికి దెబ్బ తగిలితే కొత్త కణాలు పుట్టి పూడ్చేస్తాయి. మెదడులోని దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లలో అత్యధికం మనం పుట్టినప్పటివే. పోయిన దాని స్థానంలో ఇంకొకటి రావడం దాదాపు ఉండదు.

వయసు పెరిగేకొద్దీ ఈ రవ్వలను ఆర్పే ఏర్పాట్లు మందగిస్తాయి. మెదడులో కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు అవసరం లేకపోయినా రెచ్చిపోయి వాపు పుట్టిస్తాయి. రక్తనాళాలు గట్టిపడతాయి. వీటన్నిటి చివర మతిమరుపు జబ్బులు కాచుకుని ఉంటాయి. దేశవ్యాప్తంగా చేసిన లాసి-డాడ్ అధ్యయనం ప్రకారం మనదేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. అంటే సుమారు 88 లక్షల మంది. జబ్బును మళ్లించే మందు లేదు. కాబట్టి ‘పండు తింటే ఆగుతుంది’ అని ఎవరన్నా చెవులు నిక్కబొడుచుకోవడం సహజం.

వగరులో ఉంది గుట్టు

నేరేడు పండు తింటే నాలుక ఊదారంగులోకి మారుతుంది, కాసేపు నోరు బిగదీసుకుపోతుంది. ఆ రంగు ఆంథోసయనిన్లది. ఆ వగరు టానిన్లది. టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్ద చేయడం వల్లే నోరు ఎండినట్టు అనిపిస్తుంది. ఉసిరిలో, పచ్చి జామలో, దానిమ్మ గింజల మధ్య ఉండే పసుపు పొరలో తగిలే వగరూ ఇదే కుటుంబం. వీటన్నిటికీ కలిపి పాలీఫినాల్స్ అని పేరు.

మొక్క వీటిని మనకోసం తయారు చేయదు. ఎండ నుంచి, పురుగు నుంచి, బూజు నుంచి తనను కాపాడుకోవడానికి చేసుకుంటుంది. చాలాకాలం శాస్త్రవేత్తలు ఇవి మన ఒంట్లోకి వచ్చి ఫ్రీ రాడికల్స్‌ను నేరుగా ఆర్పేస్తాయని అనుకున్నారు. ఏ పండుకు ఎంత ‘యాంటీ ఆక్సిడెంట్’ శక్తి ఉందో మార్కులు వేసి అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలు కూడా పెట్టింది. పరీక్షనాళికలో వచ్చిన ఆ మార్కులకూ ఒంట్లో జరిగే మేలుకూ పొంతన లేదని, కంపెనీలు వాటిని ప్రకటనలకు వాడుకుంటున్నాయని 2012లో ఆ శాఖే పట్టికలను తీసేసింది.

ఇప్పటి అవగాహన వేరు. పాలీఫినాల్స్ మన కణానికి స్వల్పంగా కీడు చేసే పదార్థాలు. వీధిలో దొంగ తిరుగుతున్నాడని తెలిస్తే ఇంటిల్లిపాదీ తలుపులు గడియ వేసుకున్నట్టు, వీటి రాకతో కణం తన సొంత రక్షణ ఎంజైములను తయారు చేసుకుంటుంది. ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రొటీన్ ఆ పని మొదలుపెట్టిస్తుంది. దీనికి తోడు రక్తనాళాల లోపలి పొర మెత్తబడి, మెదడుకు రక్తం బాగా అందుతుంది. వాపు తగ్గుతుంది. పండు చేసే మేలు ఏదైనా ఉంటే ఎక్కువగా ఈ దారుల్లోనే జరుగుతుందని నమ్మకం.

గాజు పళ్లెంలో గెలుపు

‘ఫలానా పండు సారం మెదడు కణాలను కాపాడింది’ అనే వార్త వెనక సాధారణంగా ఉండే ప్రయోగం ఇది. అరచేతిలో పట్టే పళ్లెం. అందులో 96 చిన్న గుంటలు. ప్రతి గుంటలో కొన్ని వేల కణాలు. ముందు పండు సారం పోస్తారు. తర్వాత కణాలను చంపే హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటిది పోస్తారు. ఒక రోజు ఆగి పసుపుపచ్చటి ఎంటీటీ అనే రసాయనం వేస్తారు. బతికి ఉన్న కణం దాన్ని ఊదారంగులోకి మారుస్తుంది. చచ్చిన కణం మార్చలేదు. ఊదా ఎంత చిక్కగా ఉంటే అన్ని కణాలు బతికినట్టు లెక్క.

చూడ్డానికి ముచ్చటైన పరీక్ష. లొసుగులు మూడు. మొదటిది, అందులో వాడే ‘మెదడు కణాలు’ చాలాసార్లు అసలైన న్యూరాన్లు కావు. ఎస్‌హెచ్-ఎస్‌వై5వై అనే పేరున్న కణాలు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి. వాటి మూలం 1970లో నాలుగేళ్ల పాప ఒంట్లోని నాడీ కేన్సర్ గడ్డ. పీసీ12 కణాలైతే ఎలుక అడ్రినల్ గ్రంథిలోని గడ్డ నుంచి వచ్చాయి. కేన్సర్ కణానికి బతికే మొండితనం ఎక్కువ. రెండోది, పాలీఫినాల్స్ కణాల అవసరమే లేకుండా ఎంటీటీని ఊదాగా మార్చగలవు. అప్పుడు చచ్చిన కణాలూ బతికినట్టే కనబడతాయి. మూడోది, ఈ పదార్థాలు పళ్లెంలోని ద్రవంలో తామే ఆక్సీకరణ చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయని సింగపూర్ శాస్త్రవేత్త బారీ హాలివెల్ బృందం ఎప్పుడో చూపించింది. కణం చూపించిన స్పందన పండుకా, పళ్లెంలో పుట్టిన విషానికా అన్నది తేల్చుకోవాలి. మంచి ప్రయోగశాలలు కణాలు లేని గుంటలు కూడా పెట్టి సరిచూసుకుంటాయి. అన్నీ అలా చేయవు.

అన్నిటికంటే పెద్ద చిక్కు మోతాదు. పళ్లెంలో సారాన్ని నేరుగా కణం నెత్తిన పోస్తారు. నోటితో తిన్నప్పుడు రక్తంలో చేరేది ఆ గాఢతలో చాలాసార్లు వందో వంతు కూడా ఉండదు.

నోటి నుంచి నెత్తికి

తిన్న పాలీఫినాల్స్‌లో చాలా భాగం పేగు గోడ దాటవు. దాటినవాటిని కాలేయం మార్చేసి మూత్రంలోకి పంపుతుంది. మిగిలినవాటికి చివరి గుమ్మం మెదడు రక్తనాళాల గోడ. అక్కడ కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. రక్తంలో ఉన్నదల్లా లోపలికి వెళ్లదు. అయినా కొంత వెళుతుంది. బ్లూబెర్రీ తిన్న ముసలి ఎలుకల మెదడులోనే ఆంథోసయనిన్లు ఉన్నట్టు 2005లో తేలింది.

దానిమ్మది ఇంకా చిత్రమైన ప్రయాణం. దానిమ్మలో ప్యూనికాలాజిన్ అనే పెద్ద అణువు ఉంటుంది. అది ఉన్నది ఉన్నట్టుగా మెదడుకు చేరే అవకాశమే లేదు. పేగుల్లో అది విరిగి ఎలాజిక్ ఆమ్లం అవుతుంది. దాన్ని పెద్దపేగులోని సూక్ష్మజీవులు కొరికి యూరోలిథిన్లుగా మారుస్తాయి. మెదడు గుమ్మం దాటే అవకాశం ఉన్నది వీటికే. అంటే పని చేసేది పండు ఒక్కటే కాదు. పండు, పేగులోని సూక్ష్మజీవి కలిసి చేస్తాయి. ఆ సూక్ష్మజీవులు అందరి కడుపులో ఉండవు. ఒకే దానిమ్మను ఇద్దరు పంచుకు తింటే ఒకరిలో యూరోలిథిన్ తయారవుతుంది, ఇంకొకరిలో అసలు తయారవదు. స్పెయిన్‌లో తొమాస్-బార్బెరాన్ బృందం ఈ తేడాను బట్టి మనుషులను మూడు రకాలుగా విడదీసింది.

చిట్టెలుకల్లో దానిమ్మ ఘనంగా గెలిచింది. కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో అల్జీమర్స్ వచ్చేలా పుట్టించిన చిట్టెలుకలకు ఆరు నెలలకు పైగా దానిమ్మ రసం తాగిస్తే, మెదడులో పేరుకునే అమిలాయిడ్ మడ్డి దాదాపు సగం తగ్గింది. అది 2006 నాటి మాట. మన ఉసిరీ వెనకబడలేదు. హరియాణాలోని హిసార్‌లో వాసుదేవన్, పార్లే 2007లో ఉసిరి చూర్ణం పెట్టిన చిట్టెలుకలు, మందిచ్చి మతిమరుపు తెప్పించినా పాఠం మరిచిపోలేదని చూపించారు.

మనుషుల దగ్గర ఏం తేలింది?

ఇక్కడికొచ్చేసరికి గొంతు తగ్గుతుంది. 2010లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో రాబర్ట్ క్రికోరియన్ బృందం మతిమరుపు మొదలైన పెద్దలకు పన్నెండు వారాలు అడవి బ్లూబెర్రీ రసం ఇచ్చింది. జంట పదాలు గుర్తుపెట్టుకునే పరీక్షలో మెరుగుదల కనిపించింది. రోజుకు సుమారు అర లీటరు రసం. తాగినవారు తొమ్మిది మంది.

2015లో ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో 37 మంది పెద్దలు ఎనిమిది వారాలు రోజూ అర లీటరు నారింజ రసం తాగారు. ఫ్లావనోన్లు ఎక్కువున్న రసం తాగినప్పుడు మొత్తం మార్కులు కొద్దిగా పెరిగాయి. అందులో ముఖ్యమైన పదార్థం హెస్పెరిడిన్. మన నల్లగొండ, అనంతపురం తోటల్లో కాసే బత్తాయిలోనూ అదే ఉంది. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏలో 261 మందితో ఏడాది పాటు జరిగిన దానిమ్మ రసం పరీక్ష 2020లో వెలువడింది. బొమ్మలు గుర్తుపెట్టుకునే శక్తి రసం తాగినవారిలో నిలబడింది, ఉత్తుత్తి రసం తాగినవారిలో జారింది. మిగతా జ్ఞాపకశక్తి పరీక్షల్లో తేడా లేదు.

పండు తిన్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన లెక్కలు కాస్త ఆశ పుట్టిస్తాయి. డెబ్భై దాటిన 16,010 మంది అమెరికన్ నర్సుల వివరాలు 2012లో వచ్చాయి. బెర్రీలు ఎక్కువగా తిన్నవారిలో మెదడు మందగించడం రెండున్నరేళ్ల వరకు వెనకబడింది. కానీ బెర్రీలు కొని తినే మనిషికి చదువు, ఆదాయం, నడక అలవాటు కూడా ఎక్కువే ఉంటాయి. మేలు పండుదా, ఆ బతుకుదా అన్నది విడదీయడం కష్టం. బెర్రీలకు పెద్దపీట వేసిన ‘మైండ్ డైట్’ను షికాగో, బోస్టన్‌లలో 604 మంది మీద మూడేళ్లు పరీక్షిస్తే, మామూలు తిండినే కాస్త తగ్గించి తిన్నవారికీ వీరికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ ఫలితం 2023లో అచ్చయింది.

ఇక సారాన్ని గోలీలో నింపితే? ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్‌ను 119 మంది అల్జీమర్స్ రోగుల మీద పరీక్షించి చూశారు. చివరికొచ్చేసరికి మోతాదు రోజుకు రెండు గ్రాములు. అంత రెస్వెరట్రాల్ కోసం ద్రాక్ష తిని గెలవలేం. 2015లో వచ్చిన ఫలితంలో వెన్నుద్రవంలోని కొన్ని గుర్తులు మారాయి. మతి మాత్రం మెరుగుపడలేదు. పండు కాకపోయినా ఆకు సారంతో జరిగిన పరీక్ష ఇంకోటి చెప్పుకోవాలి. గింకో బిలోబా ఆకు సారాన్ని 3,069 మంది మీద ఏళ్ల తరబడి పరీక్షించి 2008లో లెక్క తేల్చారు. డిమెన్షియా తగ్గలేదు. మతిమరుపు రాకుండా ఉండటానికి విటమిన్ గోలీలు వాడమని సిఫారసు చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే తేల్చి చెప్పింది.

పండే పగబడితే...

‘పండే కదా, మేలు చేయకపోయినా కీడు చేయదు’ అనుకుంటాం. ముజఫర్‌పూర్‌ను అడగాలి ఆ మాట. బిహార్‌లోని ఆ లిచీ తోటల జిల్లాలో 2014 వేసవిలో ఫిట్స్‌తో, స్పృహ లేకుండా 390 మంది పిల్లలు ఆస్పత్రుల్లో చేరారు. 122 మంది చనిపోయారు. భారత, అమెరికా నిపుణులు కలిసి చేసిన దర్యాప్తు 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చింది. లిచీలోని హైపోగ్లైసిన్-ఎ, ఎంసీపీజీ అనే పదార్థాలు ఒళ్లు చక్కెర తయారు చేసుకునే దారిని మూసేస్తాయి. పగలంతా తోటల్లో లిచీలు తిని రాత్రి అన్నం తినకుండా పడుకున్న పిల్లల్లో తెల్లారేసరికి రక్తంలో చక్కెర పడిపోయింది. మెదడుకు ఇంధనం అందలేదు. రాత్రి అన్నం తిన్న పిల్లల్లో ఆ ముప్పు తక్కువగా కనిపించింది. పగ పండు ఒక్కదానిదే కాదు, ఆకలిది కూడా.

కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో మందులకు లొంగని పార్కిన్సన్స్ లక్షణాలు ఎక్కువగా కనబడుతున్నాయని 1999లో లాన్సెట్‌లో వచ్చింది. వేళ్లన్నీ లక్ష్మణఫలం వైపు చూపాయి. అక్కడివారు పండు తింటారు, ఆకు కషాయం తాగుతారు. అందులోని అన్నోనాసిన్ న్యూరాన్లలో శక్తిని పుట్టించే యంత్రాన్నే ఆపుతుంది. కేన్సర్‌ను కోస్తుందని మన వాట్సాప్‌లలో తిరిగే లక్ష్మణఫలం ఆకు ఇదే.

కిడ్నీలు దెబ్బతిన్నవారికి స్టార్ ఫ్రూట్ ఆగని వెక్కిళ్లు, ఫిట్స్ తెప్పించగలదు. దానిలోని కారంబాక్సిన్‌ను 2013లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు గుర్తించారు. ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బుల ప్రాంతాల్లో ప్రతి ఇంటికీ తెలియాల్సిన సంగతి ఇది. గ్రేప్‌ఫ్రూట్, దాని చుట్టమైన పంపరపనస కొన్ని బీపీ, కొలెస్ట్రాల్ మందుల మోతాదును రక్తంలో పెంచేస్తాయి. కణాన్ని కదిలించగల పదార్థం మేలూ చేయగలదు, కీడూ చేయగలదు. ఎంత, ఎవరికి, ఏ స్థితిలో అన్నదే లెక్క.

మన పెరటి లెక్క

దిగుమతి బ్లూబెర్రీ చిన్న డబ్బాకే వందల రూపాయలు. దాని ఊదారంగుకు కారణమైన డెల్ఫినిడిన్, పెట్యూనిడిన్, మాల్విడిన్ రకాల ఆంథోసయనిన్లు మన నేరేడులోనూ ఉన్నాయి. బ్లూబెర్రీ మీద జరిగినన్ని మానవ పరీక్షలు నేరేడు మీద జరగలేదు. అందుకని నేరేడు తక్కువదైపోదు, సర్వరోగ నివారిణీ అయిపోదు. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో వంద గ్రాముల ఉసిరిలో సుమారు 250 మిల్లీగ్రాములు, జామలో 200 మిల్లీగ్రాములకు పైగా సి విటమిన్ ఉంది. జామ నిమ్మను ఎప్పుడో దాటేసింది.

హైదరాబాద్ తార్నాకలోని ఆ సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూత్రాల్లో పెద్దవారికి రోజుకు వంద గ్రాముల పండు చెప్పింది. రసం కాదు, పండు. వంద గ్రాములంటే ఒక చిన్న జామకాయ. వానలు మొదలయ్యేటప్పుడు నేరేడు, దసరా రోజుల్లో సీతాఫలం, కార్తీకంలో ఉసిరి, చలికి జామ, రేగు... కాలం తెచ్చినదల్లా కాస్త కాస్త తింటే రకాలన్నీ అందుతాయి. వడగట్టిన రసంలో పీచు పోతుంది, చక్కెర మిగులుతుంది. షుగర్ ఉన్నవారికి అది రెట్టింపు నష్టం. మధుమేహం మెదడుకు తెలిసిన శత్రువు కూడా.

సీసా కొనే ముందు...

• ‘క్లినికల్‌గా నిరూపితం’ అని ఉంటే కణాల మీదా, ఎలుకల మీదా, మనుషుల మీదా అని అడగండి. మనుషులైతే ఎంతమంది, ఎన్నాళ్లు?

• ఖర్చు ఎవరు పెట్టారో చూడండి. ఈ రంగంలో చాలా పరిశోధనలకు నిధులు పండ్ల మండళ్లవి, రసం కంపెనీలవి. అంతమాత్రాన అబద్ధం కాదు, జాగ్రత్త అవసరం.

• ‘వంద శాతం పండ్ల రసం’ అనే రాతను గుజ్జులో నీళ్లు కలిపి చేసిన రసాల అట్టల మీంచి తీసేయమని 2024 జూన్‌లో మన ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. అట్ట మీది అక్షరాన్ని వెంటనే నమ్మకండి.

• బీపీ, షుగర్, కిడ్నీ, రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ఏ సారమైనా డాక్టరుకు చెప్పాకే.

చివరి మాట

మెదడును కాపాడేవి ఏవో ఇప్పటికే కొంత తేలింది. ఫిన్లండ్‌లో 1,260 మంది పెద్దల్లో సగం మందికి రెండేళ్ల పాటు మంచి తిండి, వ్యాయామం, మెదడుకు మేత, బీపీ-షుగర్ అదుపు అన్నీ కలిపి అందించారు. 2015 నాటి ఫలితాల్లో వారి మెదడు పనితీరు మిగతావారికంటే మెరుగైంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి చెప్పింది. రెండో భాష వచ్చినవారిలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలోనూ ఆ ఆలస్యం కనిపించింది. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడే మన వీధుల్లో ఆ మందు ఉచితం. లాన్సెట్ కమిషన్ 2024 లెక్క ప్రకారం ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం నివారించదగ్గవే. బీపీ, షుగర్, పొగ, చెవుడు, చూపు, ఒంటరితనం, కదలకపోవడం... నివారించదగ్గ కారణాల జాబితాలో ఉన్నవి ఇలాంటివే. పండు సారం ఆ జాబితాలో లేదు.

కాబట్టి సీసాకు పెట్టే డబ్బుతో బండి మీది జామకాయలు కొనండి. ఇంట్లో పెద్దవాళ్లకు కోసి ఇవ్వండి. వినబడటం లేదంటే చెవి పరీక్ష చేయించండి, బీపీ చూపించండి, సాయంత్రం వాళ్లతో కలిసి నాలుగు అడుగులు వేయండి. పండు తినడం మానొద్దు. మెదడు భారమంతా దాని నెత్తిన పెట్టొద్దు.